కార్న్‌వాలు నియోజకవర్గములు: సంఖ్యాన్యాయము, స్థలన్యాయము

పొలముగట్టు జానెడు జరిగినచో నన్నదమ్ముల నడుమ నెన్ని వ్యాజ్యములు పుట్టునో మన రైతులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. అయినను ఆ తగవు తీర్చుట కొక మార్గము గలదు. గట్టు జరిగిన సంగతి కంటికి కనబడును. కొలతలు తీసినచో నెవరి నేల యెంతయో తేలిపోవును. ప్రజాప్రతినిధుల నెన్నుకొను నియోజకవర్గముల గట్టు జరిగినపుడో, నష్టపడినవారు తాము నష్టపడితిమని చాల యేండ్లవరకు నెరుగరు. ఓటు తమ చేతనే యుండును. ఎన్నికల పెట్టె తమ యూరనే యుండును. ఐనను ఆ ఓటునకు వెనుకటి బలము తగ్గియుండును, లేదా తమకు సంబంధములేని పరాయి పట్టణముతో ముడివడి యుండును. నియోజకవర్గముల పునర్విభజనను గూర్చి మన దేశమున వాదోపవాదములు చెలరేగుచున్న యీ కాలమున, పార్లమెంటరీ పద్ధతికి పుట్టినిల్లనదగిన ఇంగ్లండులో ఒక్క కౌంటీ యీ విషయమున నెట్టి యనుభవము గడించెనో పరిశీలించుట యుపయుక్తమని మేము భావించుచున్నాము. ఆ కౌంటీ కార్న్‌వాలు.

ఇది ఇంగ్లండునకు నైరృతి కొన. మూడువైపుల సముద్రము, తూర్పున తామర్ నది. ఈ నది ఉత్తర తీరమునకు మిక్కిలి చేరువగా పుట్టి దక్షిణ సముద్రమున గలియుటచే, కార్న్‌వాలు దాదాపు నొక దీవివలె నున్నది. క్రీస్తుశకము 936 లో ఏథెల్‌స్టన్ రాజు ఈ నది తూర్పుగట్టునే యెల్లగా నిర్ణయించెనని పరంపరగా చెప్పుదురు. ఈ గట్టునకు నావల నున్నది డెవను కౌంటీ. తగరము, రాగి గనులును, చేపల వేటయు నిచటివారి పూర్వజీవనాధారములు. ఇంగ్లీషుతో దగ్గరి చుట్టరికము లేక వెల్షు, బ్రెటన్ భాషలకు తోబుట్టువైన కార్నిషు భాష 18వ శతాబ్దాంతమున జనవ్యవహారమునుండి తప్పుకొని, 20వ శతాబ్దమున అభిమానుల కృషిచే మరల తలయెత్తినది. 2002 లో బ్రిటిషు ప్రభుత్వము ఈ భాషను ఐరోపా ప్రాంతీయ భాషల ఒడంబడిక క్రింద గుర్తించెను. 2014 ఏప్రిలులో కార్నిషు ప్రజలను జాతీయాల్పసంఖ్యాక వర్గముగా నంగీకరించెను. లండనువారి దృష్టిలో నిది యొక జిల్లా. ఇచటివారిలో పెక్కుర దృష్టిలో నిది యొక దేశము. తక్కిన కౌంటీలలో గీతల తగవుగా ముగియు విషయము ఇచట ఆత్మగౌరవ సమస్యగా పరిణమించుటకు నిదియే కారణము.

ఇక చరిత్రలోనికి వత్తము. 19వ శతాబ్ద ప్రారంభమున కామన్సు సభకు కార్న్‌వాలు పంపుచుండిన సభ్యు లెందరు? 44 మంది! కౌంటీ పక్షమున ఇద్దరు. 21 బరోలనుండి, అనగా సనదు పొందిన పట్టణములనుండి, ఒక్కొక్కదానికి నిద్దరి చొప్పున 42 మంది. ఆ కాలమున స్కాట్లండు రాజ్యమంతటికిని గలిపి యుండిన సభ్యులు 45 మంది మాత్రమే. నూలు మిల్లులతో ప్రపంచమును నిండించుచుండిన మాంచెస్టరునకు ఒక్క సభ్యుడు లేడు. బర్మింగుహామునకు లేడు. లీడ్సునకు లేడు. కార్న్‌వాలులో నొక చిన్న నదికి ఈగట్టున నున్న ఈస్టు లూ గ్రామమునకు నిద్దరు, ఆగట్టున నున్న వెస్టు లూ గ్రామమునకు నిద్దరు సభ్యులుండిరి! లాన్సెస్టను పట్టణమునకు నిద్దరు. దాని చెంతనే, పేటవంటిదైన న్యూపోర్టునకు వేరుగా నిద్దరు. బొసినీ, మిచెల్, సెయింటు మాస్ మొదలగునవి పట్టణములని పేరు బడసిన పల్లెలు.

ఈ వింత యెట్లు పుట్టినది? ఈ బరోలలో పెక్కింటికి ట్యూడరు రాజుల కాలమున, ముఖ్యముగా ఆరవ ఎడ్వర్డు మొదలు ఎలిజబెత్తు రాణి వరకు, ప్రతినిధుల బంపు హక్కు ప్రసాదింపబడెను. కార్న్‌వాలు డచీ రాజవంశపుటెస్టేటు. గనుల పన్ను, పాలనాధికారము, పలుకుబడి యన్నియు దాని గుప్పిట నుండెను. తమ కనుకూలురను సభలోనికి పంపుటకు నిది యనువైన తావని రాజాస్థానము తలచెనని చరిత్రకారులు పలువురి యభిప్రాయము. కాలక్రమమున రాజుగారి పలుకుబడి స్థానిక భూస్వాముల చేతికి జారెను. ఓటర్లు కొలదిమంది, ఓటు బహిరంగము, ఇండ్లు భూస్వామివి. ఇంటి యజమాని చెప్పినవానికి గాక మరియొకనికి ఓటు వేసినచో నెవరికి గూడుండును? బరోలు స్థిరాస్తులవలె క్రయవిక్రయములకు లోనయ్యెను.

గ్రాంపౌండు కథ దీనికి చాలిన నిదర్శనము. అచట ఓటర్లను లంచములతో కొనివేసిన నేరమునకై సర్ మనాసె లోపెజ్ అను ధనికుడు 1819 లో దోషిగా తేలి కారాగారమునకు పంపబడెను. లార్డు జాన్ రస్సెల్ పట్టుదలతో 1821 లో పార్లమెంటు ఒక శాసనము చేసి గ్రాంపౌండు ప్రాతినిధ్యము నూడబెరికి, ఆ రెండు స్థానములను విశాలమైన యార్కుషైరు కౌంటీకి నొసగెను. ఒక్క బరోను తొలగించుటకు నింత జరుగవలసి వచ్చినది. ఐనను తరువాత వచ్చిన పెద్ద సంస్కరణమునకు దారి చూపినది ఈ చిన్న శాసనమే.

పాతపద్ధతిని సమర్థించినవారు లేకపోలేదు. వారి వాదము వినదగినదే. ఇట్టి చిన్న బరోలుండుటచేతనే ధనబలమును జనబలమును లేని ప్రతిభావంతులు సభలో ప్రవేశింపగలిగిరని వారనిరి. జాన్ హాంప్డెన్ 1621 లో తొలుత సభలో నడుగిడినది ఈ గ్రాంపౌండు ప్రతినిధిగనే. కార్న్‌వాలులోని సెయింటు జర్మన్సు వాడైన సర్ జాన్ ఎలియట్, 1614 లో ఆ చిన్న బరో పక్షముననే సభకు వచ్చి, తరువాత ప్రజాస్వత్వములకై చార్లెసు రాజు నెదిరించి, 1632 లో లండను కోటలోని చెరసాలలో ప్రాణములు విడిచెను. ఇట్టి మహానుభావులు పాడు బరోలనుండి వచ్చుట నిజము. కాని యెడారిలో నొక యీతచెట్టు మొలచినంతమాత్రమున నెడారి తోట గానేరదు. ఒక హాంప్డెన్ వచ్చిన ద్వారముననే నూరుగురు కొనుగోలు సభ్యులు వచ్చిరి. వారిని పంపినవారు ప్రజలు గారు.

1832 సంస్కరణ శాసనము ఈ వ్యవస్థను కూల్చెను. కార్న్‌వాలులో మిగిలియుండిన 20 బరోలలో 13 పూర్తిగా హక్కు కోల్పోయెను. హెల్‌స్టన్, లాన్సెస్టను, లిస్కర్డు, సెయింటు ఐవ్సు అను నాలుగింటికి ఒక్కొక్క స్థానము తగ్గెను. బాడ్మిను, ట్రూరో, పెన్రిన్ అను మూడు మాత్రమే ఇద్దరేసి సభ్యులను నిలుపుకొనెను. అంతవరకు ప్రతినిధియే లేని ఫాల్‌మత్ రేవుపట్టణమును పెన్రిన్‌తో జోడించిరి. కౌంటీని తూర్పు పడమరలుగా చీల్చి నలుగురి నిచ్చిరి. ఇన్నియు కలిపి 14. ఒక్క కలముపోటుతో 42 నుండి 14! 1868 లో బాడ్మినునకు మరియొక స్థానము పోయెను. 1885 పునర్విభజనతో మొత్తము ఏడు మిగిలెను. 1918 లో నవి అయిదయ్యెను. గనులు మూతబడి వేలకొలది కుటుంబములు ఆస్ట్రేలియాకును, దక్షిణాఫ్రికాకును, అమెరికాకును వలసపోయిన కౌంటీకి జనసంఖ్యనుబట్టి దక్కవలసినది దక్కెనని చెప్పవలెను. ఇందు అన్యాయమున్నదని కార్న్‌వాలు వారును గట్టిగా వాదింపలేదు.

1885 విభజనలో నొక విశేషము గలదు. దానిని పాఠకులు ప్రత్యేకముగా గమనింప ప్రార్థన. ఒక్కొక్క నియోజకవర్గమున కొక్కొక్క సభ్యుడను సూత్రము దేశమున సామాన్యమైనది ఆ శాసనముతోనే. కార్న్‌వాలులో కామ్‌బోర్న్ పేరిట ఏర్పడిన విభాగము గనిపనివారు దట్టముగా నుండు ప్రదేశమును చుట్టి గీయబడినది. ఫలితమేమి? ఆ యేటి యెన్నికలోనే గనుల యజమానుల వర్గమునకు చెందిన లిబరల్ సభ్యుని కాదని గనిపనివారు కోనీబేరు అను తీవ్రవాద లిబరలును గెలిపించిరి. అంతకుముందు పశ్చిమ కార్న్‌వాలు అను పెద్ద విభాగమున చెదరియుండిన ఆ గనిపనివారే యొక్కచోట గూడగానే గొంతుక సంపాదించిరి. జనుల సంఖ్య మారలేదు, గీత మారినది. సరిహద్దు నిర్ణయమనునది కేవలము కూడికలు తీసివేతల పని కాదని చెప్పుట కింతకన్న సాక్ష్యమేల?

20వ శతాబ్దమున బ్రిటనువారు ఈ పనిని రాజకీయ పక్షముల చేతినుండి తప్పింప బూనుకొనిరి. 1944 శాసనముచే శాశ్వత సరిహద్దు సంఘము లేర్పడెను. ఇంగ్లండు సంఘమునకు కామన్సు సభ స్పీకరు పేరునకు అధ్యక్షుడైనను పనిలో పాల్గొనడు. హైకోర్టు న్యాయమూర్తి యొకరు ఉపాధ్యక్షులుగ వాస్తవముగా నడపుదురు. సంఘము తొలి ప్రతిపాదనలను ప్రకటించును. ప్రజల యాక్షేపణలను వినును. సవరించి తుది నివేదిక సమర్పించును. కౌంటీ యెల్లలను సాధ్యమైనంతవరకు దాటగూడదని యప్పటి నిబంధన. ఈ నిబంధన నీడలో కార్న్‌వాలు 2010 వరకు అయిదు స్థానములతో సాగినది. జనసంఖ్య పెరుగుటచే ఆ యేటి యెన్నికల నాటికి ఆరవ స్థానము లభించెను. సెయింటు ఐవ్సు, కామ్‌బోర్న్–రెడ్రూతు, ట్రూరో–ఫాల్‌మత్, సెయింటు ఆస్టెల్–న్యూకే, ఉత్తర కార్న్‌వాలు, ఆగ్నేయ కార్న్‌వాలు అనునవి యా యారు. పడమటి సముద్రములోని సిల్లీ దీవులు సెయింటు ఐవ్సులో చేరియున్నవి.

ఈ యారవ స్థానము చేతికి వచ్చిన యేడాదిలోపలనే తుపాను లేచినది. 2010 లో నధికారమునకు వచ్చిన కన్సర్వేటివు, లిబరల్ డెమొక్రాటు సమ్మిశ్ర ప్రభుత్వము కామన్సు సభను 650 నుండి 600 కు తగ్గింపవలెననియు, ప్రతి నియోజకవర్గమునందును ఓటర్ల సంఖ్య సగటునకు నూటికి 5 కంటె హెచ్చుతగ్గులు గాకుండ నుండవలెననియు బిల్లు తెచ్చెను. 2011 లో నది శాసనమయ్యెను. ఐల్ ఆఫ్ వైటు దీవికి రెండు స్థానములును, స్కాట్లండు దీవులకు రెండును ప్రత్యేకముగా రక్షింపబడెను. కార్న్‌వాలునకు అట్టి రక్షణ లభింపలేదు. క్రొత్త సగటు ప్రకారము కార్న్‌వాలు ఓటర్లు ఇంచుమించు అయిదున్నర స్థానములకు సరిపోదురు. సగము సభ్యుడుండడు గదా! మిగిలిన సగమును తామర్ నదికి ఆవలి డెవనులో వెదకవలసి వచ్చినది. డెవను, కార్న్‌వాలు గలిసిన ఈ సంకర నియోజకవర్గమునకు జనులు పరిహాసముగా డెవన్‌వాలు అని పేరిడిరి.

2010 శరత్కాలమున తామర్ గట్టుననున్న సాల్టాషులో నిరసనసభ జరిగెను. వివిధ పక్షములవారు భేదములు మరచి యందు పాల్గొనిరి. ప్రధాని డేవిడ్ కామెరన్‌ను ఈ విషయమడుగగా, అది తామర్ నదియేగాని అమెజాను కాదుగదా యని తేలికగా ననివేసెను. ఈ యొక్కమాట కార్న్‌వాలులో బిల్లులోని నిబంధనలన్నిటికంటె నెక్కువ కోపము పుట్టించినది. నది వెడల్పును గజములతో కొలువవచ్చును. ఒక జనసముదాయము తన యెల్లగా వేయియేండ్లు భావించిన నదిని గజములతో కొలిచి చులకన చేయుట యెంతటి యవివేకమో గోదావరీకృష్ణల గట్టులమీద బ్రతుకువారికి వేరుగ చెప్పనేల?

ఐతే తామర్ యెల్ల యనాదినుండి యచ్చముగా నున్నదనుటయు సరికాదు. వెరింగ్టను, నార్త్ పెథర్విను అను పారిష్‌లు తామర్‌కు పడమటగట్టున నుండియు చిరకాలము డెవనులో చేరియుండి, 1966 లోనే కార్న్‌వాలునకు మారెను. యెల్లలు దైవనిర్మితములు గావు. మానవులు పెట్టినవే, అవసరమైనచో మార్చినవే. ప్రశ్న యేమనగా, మార్చునపుడు నచటివారి నడిగి మార్చితిమా, అడుగక మార్చితిమా?

దైవము కార్న్‌వాలునకు మరియొక రీతిని తోడ్పడెను. ప్రభువుల సభ సంస్కరణ బిల్లు 2012 లో మూలబడుటతో సమ్మిశ్ర ప్రభుత్వమున చీలిక వచ్చి, లిబరల్ డెమొక్రాటులు పునర్విభజనకు వ్యతిరేకముగా ఓటు వేయగా, 2013 జనవరిలో నది 2018 వరకు వాయిదా పడెను. 2016 లో మరల పని మొదలై బిడెఫర్డు, బ్యూడ్, లాన్సెస్టనులను గలిపిన యుభయ కౌంటీల నియోజకవర్గము ప్రతిపాదింపబడెను. 2018 లో తుది నివేదిక వచ్చెను. ఐనను ప్రభుత్వము దాని నమలునకు దేలేదు. చివరకు 2020 లో క్రొత్త శాసనము వచ్చి 600 సంఖ్యను విడిచి 650 నే నిలిపెను. నూటికి 5 అను కట్టుబాటు మాత్రము విడువబడలేదు. దానిని ఏడున్నరకు సడలింపవలెనని ప్రభువుల సభ చేసిన సవరణను కామన్సు సభ త్రోసివేసెను.

క్రొత్త లెక్క ప్రకారము సగటు 73,393 ఓటర్లు, కనిష్ఠము 69,724, గరిష్ఠము 77,062. ఈ సగటుతో భాగింపగా కార్న్‌వాలు, సిల్లీ దీవులు గలిసి ఇంచుమించు ఆరు స్థానములకు సరిపోయెను! 2023 లో సంఘము తన నివేదికలో ఆరు నియోజకవర్గములను తామర్‌కు ఈవలనే నిలిపెను; లోపల కొన్ని స్థానిక విభాగములు ఇటునుండి యటు మారెను. 2024 జులై యెన్నికలు ఈ హద్దులమీదనే జరిగినవి.

ఇచట మేము పాఠకులను క్షణకాలము నిలిచి యాలోచింపుమని కోరుచున్నాము. 2011 లో న్యాయమని చెప్పబడిన సూత్రమే 2020 లోను న్యాయమని చెప్పబడినది. హెచ్చుతగ్గుల హద్దు నాడు 5, నేడు 5. తామర్ అచటనే ప్రవహించుచున్నది. ఐనను నాడు కార్న్‌వాలు చీలవలసి వచ్చెను, నేడు చీలలేదు. ఏల? వెస్టుమినిస్టరు సభలో కుర్చీలు 600 అనుకొన్నపుడొక శేషము, 650 అనుకొన్నపుడు వేరొక శేషము వచ్చుటచేత. ఒక ప్రజ యొక్క యైక్యము భాగాహారములోని శేషముమీద నాధారపడియున్నదన్నమాట! రేపు ఓటర్ల పట్టిక పెరిగినను తరిగినను మరల తగవు రావచ్చును. శాసనము ప్రకారము ఇట్టి సమీక్ష ఇకముందు ఎనిమిదేండ్ల కొకసారి జరుగవలసియున్నది. 2031 లో తరువాతి నివేదిక రావలెను. కార్న్‌వాలువారు గెలిచితిమని నిద్రింప వీలులేదు.

దీనికి ప్రతివాదు లొక గట్టి ప్రశ్న వేయుదురు. 44 స్థానములనాడు సంఖ్యను లెక్కచేయక లాభము పొందిన కార్న్‌వాలు, నేడు మరల సంఖ్యను ప్రక్కకు నెట్టుమని యడుగుట పాతకోరికయే గదా? మాంచెస్టరుకు జరిగిన యన్యాయము మరల మరియొకరికి జరుగదా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పకుండ కార్న్‌వాలు పక్షమున మాట్లాడుట న్యాయము గాదు.

లెక్క వేసి చూతము. అయిదున్నర స్థానములకు సరిపోవు ఓటర్లను అయిదుగా భాగించినచో నొక్కొక్క నియోజకవర్గము సగటుకంటె నూటికి 10 హెచ్చగును. ఆరుగా భాగించినచో నూటికి 8 కొంచెము హెచ్చుగా తగ్గును. శాసన మనుమతించినది 5. అనగా అడిగినది నూటికి మూడు మొదలు అయిదు వంతుల వరకు నదనపు సడలింపు. అదియును ఐదు స్థానములకు సమ్మతించినచో తమ ఓటు బలము తగ్గించుకొనుటకే యగును! తమ గీత చెడకుండుటకై తమ బలమునే కొంత వదులుకొన సిద్ధపడువారికిని, ఏడిండ్ల పల్లెకు నిద్దరు సభ్యులను కోరిన పూర్వపు భూస్వాములకును పోలిక గలదా? పాడు బరోలు భూమిపేరు చెప్పి ప్రజలను లేకుండ చేసినవి. డెవన్‌వాలు నెదిరించినవారు ప్రజలుగా నిలుచుటకే భూమిపేరు చెప్పిరి. ఈ భేదమును మరువగూడదు.

ఐనను సంఖ్యాన్యాయమును చులకన చేయువారితో మేమేకీభవింపజాలము. ఓటర్ల సంఖ్యలో విశేష వ్యత్యాస మున్నచో నొకని ఓటు పలువుర ఓట్లకు సమానమగును; ప్రజాప్రభుత్వ మూలసూత్రమే చెడును. మాకు తోచినది చెప్పుదుము: సంఖ్య ప్రధానముగా నుండవలెను, కాని చరిత్రచే, భాషచే, భూస్వరూపముచే నేకముగా నున్న ప్రదేశములకు స్వల్పమైన సడలింపు చట్టములోనే యుండవలెను. దీవులకు సముద్రము పేరుతో సడలింపు దొరకినపుడు, మూడువైపుల సముద్రము, నాల్గవవైపు నది గల ప్రదేశమునకు కొంచెమైనను దొరకకుండుట తర్కమునకు నిలుచునా? 2014 లో జాతీయాల్పసంఖ్యాకులుగ గుర్తించిన ప్రభుత్వము, ఎన్నికల చట్టములో ఆ గుర్తింపునకు నక్షరమైనను చోటీయకుండుట పరస్పర విరుద్ధము.

రాజకీయ పక్షముల లెక్కలను గూర్చియు నొకమాట. గీతలు మార్చి లాభము పొందవచ్చునని యన్ని పక్షములును లోలోపల నాశించును. కార్న్‌వాలు యనుభవ మిందుకు మంచి చికిత్స. 2005 లో నచటి యయిదు స్థానములను లిబరల్ డెమొక్రాటులే గెలిచిరి. 2010 లో నారింటిని వారును కన్సర్వేటివులును సగముగా పంచుకొనిరి. 2015, 2017, 2019 లలో మూడుసార్లును ఆరింటిని కన్సర్వేటివులే యెగరవేసికొనిపోయిరి. 2024 లో కన్సర్వేటివులకు నొక్కటియు మిగులలేదు. లేబరుపక్షమునకు నాలుగు, లిబరల్ డెమొక్రాటులకు రెండు వచ్చెను. గీతలు ఇంచుమించు అవే. ప్రజల మనస్సు మారినది. 2015 లో నూటికి నూరుపాళ్ల స్థానములు గెలిచిన పక్షమునకు కౌంటీ ఓట్లలో సగమైనను రాలేదు. కాబట్టి నేటి గీత తమకు మేలని యొక పక్షము సంబరపడుట, కాలువకు గండి కొట్టి తన చేనికి మాత్రమే నీరు వచ్చుననుకొనుట వంటిది.

ఇంకొక మార్పు మరింత గంభీరమైనది. 2020 శాసనమునకు పూర్వము సంఘము నివేదికకు పార్లమెంటు ఆమోదము కావలసియుండెను. అందుచేతనే 2018 నివేదిక మూలబడెను. ఇపుడు సంఘము తుది నివేదిక వచ్చిన పిమ్మట సభ యడ్డు చెప్పుటకు వీలులేదు. ఉత్తరువు రూపమున నది యమలులోనికి వచ్చును. తమ స్థానములను తామే కాపాడుకొనుటకు సభ్యులు చేయు జాప్యము తొలగుట మంచిదే. కాని తలుపు మూసినపుడు గది లోపలి వెలుతురు మరింత కావలెను. సభలో ఆక్షేపించు మార్గము పోయినచో, సంఘము ముందు ప్రజలు చెప్పుకొను అవకాశమే వారికి మిగిలిన యొకేయొక రక్షణ. ఆ విచారణలు పేరునకు జరిగినచో చాలదు. గ్రామపుటసామి మాటయు, పట్టణపు న్యాయవాది మాటయు సమానముగా చెవిని సోకవలెను.

మన సంగతికి వత్తము. ఈ విషయమున మనము బ్రిటనుకంటె ముందే యా మార్గము త్రొక్కితిమి. మన పునర్విభజన సంఘముల యుత్తరువులు చట్టబలము గలవి. అవి సభ ముందుంచబడును గాని సభ మార్చజాలదు. లోకసభ స్థానముల రాష్ట్రవారీ పంపకము 1971 జనాభా లెక్కలమీద నిలిచినది. 1976 లో 42వ రాజ్యాంగ సవరణయు, 2001 లో 84వ సవరణయు దానిని స్తంభింపజేసెను. రెండవ సవరణ 2026 తరువాతి మొదటి జనగణన వరకు గడువు పెట్టెను. ఉమ్మడి రాష్ట్రమునకుండిన 42 స్థానములు 2014 లో ఆంధ్రప్రదేశమునకు 25, తెలంగాణమునకు 17 గా పంచబడెను. కుటుంబ నియంత్రణమును శ్రద్ధతో పాటించిన దక్షిణాది రాష్ట్రములు కేవల సంఖ్యచే తమ పాలు తగ్గునేమోయని భయపడుట సహజము. ఆ భయమునకును కార్న్‌వాలు భయమునకును బంధుత్వము గలదు. అదే 2014 లో భద్రాచలము ప్రాంతపు మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమునకు మారగా, భద్రాచలము నియోజకవర్గమున ఓటువేసిన గిరిజనులు పలువురు రంపచోడవరమునకు చేరవలసివచ్చెను. గీత మారిననాడు వారి దారియు, వారి కచ్చేరియు, వారి సభ్యుడును మారిరి. ఇది మన యింటి తామర్ కథ.

ఐతే మనవాదము చేయునపుడు కార్న్‌వాలు నేర్పిన రెండు పాఠములను గలిపియే యుంచుకొనవలెను. 1832 పాఠము: సంఖ్యను కాలదన్ని యెవరును చిరకాలము నిలువలేరు, నిలిచినకొలది పతనము పెద్దదగును. డెవన్‌వాలు పాఠము: స్థలమును కాలదన్నిన సంఖ్య ప్రజలచేత న్యాయమనిపించుకొనజాలదు. మొదటిదానిని ఉత్తరాదివారును, రెండవదానిని మనమును నొండొరులకు వినిపించుకొనుచుండుట కంటె, ఉభయులును రెండింటిని చదువుట దేశమునకు క్షేమము.

మన పాఠకులలో భూవసతి గలవారును, పట్టణములలో వృత్తులయందున్నవారును పెక్కురు గలరు. సరిహద్దుల ముసాయిదా ప్రకటింపబడినపుడు దానిని తెప్పించి చదువు శక్తియు, ఆక్షేపణ వ్రాయు శక్తియు వారికున్నది. సాల్టాషులో సభచేసినవారు మహావీరులు గారు, సామాన్య కౌంటీజనులు. తమ మండలము ఏ నియోజకవర్గమున కలియుచున్నదో, తమ తాలూకా కేంద్రమునకు దారి యెటో, తమ గిరిజన గ్రామములు ముక్కలగుచున్నవో లేదో గడువులోపల చూచుకొని, ఆధారములతో సంఘము ముందుంచుట పౌరధర్మము. గడువు దాటిన తరువాత పత్రికలలో వగచినచో మావంటివారు ప్రకటింపగలరేగాని, గట్టును జరుపజాలరు.